కొసరు గోలీలు

హలో… ఎవలు?… ఆ ఆ, నేనే, ఉపేందర్‌నే మాట్లాడేది. అక్కా, నువ్వా?… గిది ఎవరి నంబరు మరి?… పక్క బెడ్డోల్లదా. బావ ఫోన్ల చార్జింగ్ అయిపోయిందా. నేనేమో లోన్ కావాల్నా అని అడిగెటోల్లనుకోని మొదాలు కట్ చేసిన. నా తెలివి గట్లనే ఉంటది.

ఆ… చెప్పు. డాక్టర్ సారు రౌండ్‌కు వచ్చిండా?

… …

వేలా?

… … …

కాలి బొటనవేలు మొత్తం తీసేస్తరా అక్కా?… రేపు పొద్దుగాలనే?

…

ఆగు. నువ్వు ముందు ఎక్కడన్న కూసో. హన్మకొండల గంత పెద్ద దవాఖాన కట్టిన్రు, ఒక్క కుర్సి ఉండదా… ఆ, కూసున్నవా. నేను గూడ కూసున్న. దొడ్డుప్పు బస్తా మీద.

విజయా, జర నువ్వొచ్చి గల్లపెట్టె కాడ కూసో. అక్క ఫోన్ చేసింది, బావ కాలు గురించి… ఆ, ఆమెకు పావుకిలో జీలకర్రనే. కట్టియ్యి.

చెప్పక్కా… మా ఆమెను గల్ల కాడ కూసోపెట్టిన, ఇంటాన్న.

… …

అదే నాకు సమజ్ అయితలేదు. దుకాణంల ఐదు కిలోల తూకం బాటు కాలు మీద పడ్డది, నిజమే. షుగరున్న కాలు, అదీ నిజమే. కని పుండు చిన్నగున్నప్పుడే బావ హన్మకొండకు వచ్చి సూపిచ్చుకున్నడు కద. సారు గూడ మంచి గోలీలే రాసిండు… ఆ, పుండు మానేటియి, యాంటిబయాటిక్. ఇన్ని దినాలాయె, మానాలె కద మరి.

నేను ఇక్కడ బీట్ బజార్ల అందరికి చెప్పి పెట్టిన. మా బావ కాలు నా పూచీ, నెల తిరగకముందే నెక్కొండల తన దుకాణంల నిలబడి కందిపప్పు జోకుతడు అని. పసుపు కమీషన్ ఏజెంటాయనకు గూడ చెప్పిన. ఆయన అడగలేదు, ఆయనకు బావ ఎవలో గూడ తెల్వదు. అయినా నిలబెట్టి చెప్పిన… నవ్వుతాన్నవా?… కాదా. ఏడుస్తాన్నవా. ఏడ్వకక్కా.

అఖిల్ బయలెల్లిండా?… మడికొండ ఆఫీసు నుంచి ఎంత దూరం, వస్తడు తియ్యి. కొడుకు పక్కకుంటె బావకు జర ధైర్యముంటది.

బావ ఏమంటాండు?

…

ఏమంటలేడా?… పొద్దటిసంది గోడ దిక్కు తిరిగి పండుకున్నడా. భయమైతాందేమో అక్కా. బావకు నిలబడుడంటె ప్రాణం. దుకాణంల కుర్సి ఏసుకున్నోని దగ్గరికి గిరాకి రాదంటడు. నేను కుర్సి ఏసుకున్నదే గాకుంట దాని మీద దిండు గూడ ఏసుకున్న, నన్ను చూసి ఎంత నవ్వేటోడు. గసుంటి మనిషికి వేలు తీస్తె…

ఊకో అక్కా. నేను గూడ ఊకుంట.

…

ఇంకేమన్నడు సారు?

… …

మల్ల చెప్పు… పుండు కాడి చీము తీసి ల్యాబుకు పంపిన్రు. ఆ… అండ్ల కంటికి కనవడని పురుగు ఉన్నది. ఆ… ఆ పురుగు ఈ గోలీకి సచ్చేదే అని రిపోర్టు వచ్చిందా?… ల్యాబుల సచ్చేదైతె కాల్ల ఎందుకు సస్తలేదు?… సారు గూడ అదే అడుగుతాండా. గోలీలు సక్కగ ఏసుకున్నడా లేదా అని.

సక్కగనా. అక్కా, సారుకు చెప్పు. మా ఇంట్ల ఎక్కడన్న పొరపాటు జరుగుతదేమో గని ఆ గోలీల కాడ మాత్రం జరగదు. ఎందుకంటె పొట్లాలు కట్టింది నేను.

…

అవ్, నీకు తెల్సిందే, సారుకు చెప్పమంటాన్న. ఆ దినం బావ మందులు కొనుక్కోని, నెక్కొండ బండికి టైం ఉన్నదని నా దుకాణంల చాయకు ఆగిండు. చేతిల మందుల కవరు. పొద్దుగాల ఏది, మాపటికి ఏది అని తిప్పుకుంట మర్లేసుకుంట పరేషాన్ అయితాండు. నేను చూసుకుంట ఊకుంటనా. షీట్లన్ని చింపిన. గోలీలన్ని బయటకు తీసిన. పొద్దటి పొట్లాలకు తెల్లదారం, మాపటి పొట్లాలకు నల్లదారం. ఇగ బావకు పనేమున్నది? దారం గుంజుడు, నోట్లె ఏసుకునుడు. మా తాతసంది పొట్లాలు కట్టుడే కద మా పని. నా పొట్లంల నుంచి ఇంతవరకు ఆవగింజ కింద పడ్డది లేదు.

… …

ఒక్కో పొట్లంల ఎన్ని గోలీలంటె… ఎందుకు, సారు అడుగుతాండా?

…

అక్కా, అన్ని చెప్పకు. సారు రాసినవి ఏందో అవే చెప్పు, సాలు. మిగిలినవి మందులు కావు. తాకత్ గోలీలు… అవ్, నేనే ఏసిన… కొసరు.

…

ఎందుకేంది. సారు రాసింది తూకం. నేను ఏసింది కొసరు. బయటి గిరాకికే బెల్లం జోకినంక మీద ఇంత ముక్క ఏస్త నేను. అక్క మొగనికి ఉత్త తూకం కట్టిస్తె నా చెయ్యి ఎట్ల ఒప్పుతది. కొత్తగ కొన్నయి గూడ కావు. నా మోకాల్లకని తెచ్చుకున్నయే ఏసిన. క్యాల్షియం ఏసిన. ఐరన్ ఏసిన, రక్తం పడుతదని. జింకు ఏసిన, పుండు తొందరగ మానుతదని. అది ఫోన్ల చూసిన… డాక్టరో ఎవలో, కోటు ఏసుకోని చెప్పిండు… మొత్తం ఏడ చూస్త. సగంల గిరాకి వచ్చింది, బంద్ చేసిన.

…

మిగిలిన సగంల ఏం చెప్పిండో నాకేం ఎరుక.

…

వద్దక్కా, చెప్పకు. సారు ఏమనుకుంటడు. నేను రాసింది సాలక కిరాణపాయన ఇంకింత కలిపిండా అనుకుంటడు. పెద్ద సారు ముందట ఎందుకు పరువు తీసుకునుడు. అవి ఒంటికి బలానికే. బలంతోటి ఎవలకన్న ఏమన్న అయితదా.

… …

ఎవలు ఇప్పుతాన్రు?… సిస్టరమ్మనా… నీ సంచిల ఉన్న పొట్లం తీసుకున్నదా. అడగంగనే ఇచ్చినవా అక్కా… ట్రేల పోసిందా.

ఏమంటాంది?… ఏది ఏందో తెలుస్తలేదు అంటాంది. షీటు మీద పేరు లేకుంటె ఎట్ల తెలుస్తది, ఆమె తప్పేమున్నది… ఆ షీట్లా? ఎప్పుడో చెత్తల పోయినయి… లేదు, తాకత్ గోలీల డబ్బాలైతె నాకాడున్నయి.

విజయా, గల్ల కింద నా మందుల డబ్బాలు ఉంటయి, జర అందియ్యి… అది కాదు, అది మిరియాలు. దాని పక్కన.

ఆ అక్కా. పొడుగ్గ, తెల్లగ, గొంతుల పట్టేటంత పెద్దగుంటది సూడు, అది క్యాల్షియం… ఎర్రది ఐరన్… పచ్చగ చిన్నగున్నది జింకు… గులాబి రంగుదా? అది నమిలేది, కడుపుల మంటకు. గిన్ని గోలీలు పడితె కడుపుల మంట లేస్తది కద, అందుకే అది గూడ ఏసిన. దాని మీద మెగ్నీషియం అని రాసున్నది… అవ్ అక్కా, నాకు తెలుస్తాంది. మంట పెట్టింది నేనే, ఆర్పెటిది ఏసింది గూడ నేనే. బావ నడుమల ఉత్తగ ఉన్నడు.

…

సారు వస్తాండా?… నాతోటెందుకు?… వద్దక్కా, నువ్వే చెప్పు, నాకు పెద్దోల్లతోటి మాట్లాడొస్తదా— హలో?

నమస్తే సార్… ఆ సార్, బావమర్దిని సార్. ఉపేందర్. బీట్ బజార్ల కిరాణం… పొట్లాలు కట్టింది నేనే సార్.

…

అన్ని ఒక్కసారే సార్. ఒక్క పొట్లం, ఒక్కసారి… మీరు రాసిన గోలీ గూడ అండ్లనే సార్… క్యాల్షియం దాని పక్కకే.

…

పాలతోటి సార్… పెద్ద గిలాస నిండ. గోలీ వేడి చేస్తదని… లేదు సార్, పాలతోటి అని మీరు చెప్పలేదు. నేను చెప్పిన.

… … …

సార్, జర మెల్లగ చెప్పున్రి. నేను గోలీలు కట్టుడే గని సదువుకున్నది లేదు… ఆ. గోలీ కడుపులకు పోయినంక… క్యాల్షియం దాన్ని పట్టుకుంటది… ఐరన్ గూడ పట్టుకుంటది… జింకునా… మెగ్నీషియం… పాలు గూడనా సార్, పాలల్ల గూడ క్యాల్షియమే ఉంటదా…

అంటె ఒక్కటి గూడ ఇడిసిపెట్టలేదన్నట్టు నేను.

… …

అట్ల అతుక్కపోతె రక్తంలకు ఎక్కది. ఎక్కినా కొంచెమే ఎక్కుతది, పురుగును సంపేటంత ఎక్కది… మిగిలింది కడుపుల నుంచి సీదా బయటకు పోతది. సార్, అంటె బావ ఇన్ని దినాలు ఆ గోలీ నోట్లె ఏసుకున్నడు గని, అది కాలి దాక పోనే లేదు.

…

మీరు రాసింది మంచి మందే. నేనే దానికి తొవ్వ బంద్ చేసిన.

…

మీరు కోపం చెయ్యున్రి సార్, పర్వాలేదు. మెల్లగ మాట్లాడితె నాకు ఇంకింత భయమైతాంది.

… …

గ్యాప్ ఇయ్యాలె. ఆ… ఈ యాంటిబయాటిక్ ముందు ఏసుకోని, రొండు గంటలు ఆగినంక క్యాల్షియం. క్యాల్షియం ముందు ఏసుకుంటె ఆరు గంటలు ఆగాలె… అన్ని మందులకు గిదే లెక్కనా?… ఒక్కోదానికి ఒక్కో తీరు. కొన్నింటికి అసలు వద్దు… ఏసుకునే ముందట మిమ్ముల గని, మందులషాపుల గని అడగాలె… తాకత్ గోలీలైనా సరే, పొడులైనా సరే, ఏమేం తింటాన్నమో అన్ని చెప్పాలె. ఆ సార్… షీట్ల నుంచి బయటకు తీయొద్దు. పేరు కనవడాలె. ఆ.

ఆమెకు ఏం కావాలెనో చూడు విజయా, నన్ను పిలవకు. సారుతోటి మాట్లాడుతాన్న.

సార్… ఒక్క మాట అడగనా. థైరాయిడు గోలీ గూడ గంతేనా?… నాది సార్. నాకే ఉన్నది థైరాయిడు… పొద్దుగాల లేవంగనే సార్… ఒక్కటే కాదు సార్. పొట్లమే. అదే క్యాల్షియం, అదే ఐరన్.

… …

మీరు నవ్వుతాన్రా సార్?… లేదు, నవ్వున్రి. నేనే చెప్త, ఇంకా ఉన్నది. మా డాక్టరు మేడం డోసు పెంచుకుంటనే పోతాంది. గోలీ ఎందుకు పనిచేస్తలేదో సమజ్ అయితలేదు ఉపేందర్ గారూ అంటది పాపం. నేను గూడ ఆమె ముందట కూసోని, గడ్డం కింద చెయ్యి పెట్టుకోని, అవ్ మేడం, ఎందుకో అని ఆలోచన చేస్త. ఇంకేమన్న ఏసుకుంటాన్నవా అని అడిగితె ఏం లేదు మేడం అంట. గోలీ పనిచేయక ఒకటే నిద్ర సార్, మొన్న గల్ల మీద తలకాయ పెట్టి నిద్రపోతె గిరాకియే చక్కెర జోకుకోని, పైసలు పెట్టి, నన్ను లేపకుంట పోయిండు సార్. దుకాణం వానిది అనుకోవాలె చూసెటోల్లు.

… …

లేదు సార్, డోసు నేను తగ్గించుకోను. ఏం మార్చను. మేడం దగ్గరికి పోయి ఉన్నదున్నట్టు చెప్త. మల్ల రక్తపరీక్ష ఆమె చేపిస్తె చేపిస్త… నా సొంత తెలివి వాడను సార్. దాని రిపోర్టు ఇయ్యాల వచ్చింది కద.

…

ఇంకెవలకన్న ఇచ్చిన్నా అంటె… గోలీలైతె ఇయ్యలేదు సార్. ఉప్పు ఇచ్చిన. సోడియం తక్కువుండే ఉప్పు వస్తది కద, బీపీకి మంచిదని మా పక్క దుకాణం మొగిలయ్యకు ఇచ్చిన. బీపీ గోలీ ఏసుకుంటడు… కిడ్నీ గూడ జర తేడా ఉన్నది అన్నరట… …

అండ్ల పొటాషియం ఉంటదా సార్?

…

కిడ్నీ బాగలేనోల్లకు, కొన్ని బీపీ గోలీలు ఏసుకునేటోల్లకు అది ఎక్కువైతె గుండెకు… సమజైంది. ఫోన్ పెట్టంగనే పోయి ఆ పాకిట్ వాపసు తెచ్చుకుంట. వాల్ల డాక్టర్ని అడగమంట… ఇగ ఏం లేవు సార్. గంతే. అయినా జర ఆలోచన చేసి చెప్త.

మరి… రేపటిది సార్? వేలు?

… … …

ఆపుతరా.

…

ఇంజక్షన్. నరంల నుంచి… ఇయ్యాల్టిసంది… ఇగ కడుపుతోటి పనే లేదు, సీదా రక్తంలకే. మంచిగైంది సార్. నడుమల నా చెయ్యి పడే జాగ లేదు.

… …

ఆ… చీము ఎముకకు పట్టిందో లేదో చూడాలె… పట్టితె మల్ల తీయాల్సి వస్తది… వేలు ఉంటదని ఇప్పుడే చెప్పలేనంటాన్రు. సమజైంది. కని రేపైతె కోయరు… రేపైతె లేదు. గది సాలు సార్. ఇయ్యాల్టికి నాకు గంతే సాలు.

…

అవ్ సార్, ముందుగాలనే అడగాల్సుండె. మాకు తెల్వకపాయె, చెప్పెటోల్లు ఎవలు లేక—

ఏంది సార్?

… …

మీరు చెప్పిన్రా? ఎవలకు… బావకా?

… …

మొదటిసారి వచ్చిన దినమే… క్యాల్షియం, ఐరన్, పాలు ఈ గోలీతోటి కలపొద్దు అని… ఇన్నడా సార్ బావ? మంచిగ ఇన్నడా?… తలకాయ గూడ ఊపిండా.

…

సార్, ఫోన్ జర బావకు ఇస్తరా.

బావా.

…

బావా, గోడతోటి మాట్లాడింది సాలు. ఇటు తిరుగు.

…

రేపు కోస్తలేరు. ఇన్నవా?… ఆ. ఇంజక్షన్ ఇస్తరట. నీ వేలు మీద ఇంక ఆశ ఉన్నది.

…

సారు నీకు చెప్పిండట కద బావా. కలపొద్దని.

… …

కోపం చేస్తలేను. నాకు ఎవలి మీద కోపం చేసే మొకమున్నది చెప్పు. ఉత్తగ అడుగుతాన్న. సారు చెప్పిండు, నువ్వు ఇన్నవ్. ఇని సీదా నా దుకాణానికి వచ్చినవ్. నేను నీ ముందట్నే షీట్లు చింపుకుంట, బావా గిది క్యాల్షియం, బావా గిది జింకు, ఒక్కోటి పేరు చెప్పుకుంట పొట్లంల ఏసిన. నువ్వు చాయ తాగుకుంట చూసినవ్. ఒక్క మాట ఎందుకు అనలేదు?

… …

గట్టిగ చెప్పు. ఇక్కడ లారీ ఆగింది, ఇనొస్తలేదు.

… … …

నేను నారాజ్ అయితననా?

… …

ఇల్లు కట్టుకున్నప్పుడు… అది ఇంక యాదికున్నదా నీకు. నేను గృహప్రవేశానికి సామాను పంపితె, మాకాడ గూడ కిరాణమే ఉన్నది కద అని నువ్వు పప్పు బస్తా వాపసు పంపినవ్… అవ్. నేను మాట్లాడలే. భోజనానికి గూడ రాలే… అవ్ బావా. అఖిల్ పదో తరగతి పాసయ్యేదాక మీ గడప తొక్కలే. రాఖి పున్నానికి అక్క ఒక్కతే బండెక్కి వచ్చి, ఏడ్చుకుంట నా చేతికి రాఖీ కట్టి, నీళ్లు గూడ తాగకుంట పోయింది. యాదికున్నది నాకు.

అందుకనా.

… …

మల్ల గట్లనే అయితదని. అక్క మల్ల ఏడుస్తదని.

…

మరి ఇంటికి పోయి ఏరి పడేయకపోతివా. నాకెట్ల తెలుస్తుండె?… … అక్కనా… తమ్ముడు కట్టిండని తనే దారం ఇప్పి, నీ చేతుల పోసి, పాల గిలాస పట్టుకోని ముందట నిలబడేదా. నువ్వు మింగెదాక కదలకుండెనా… ఆమె ముందట ఎట్ల ఏరేస్తవ్. అవ్.

…

గోలీ మీద ఇంకో గోలీ పడితె ఏమైతది తియ్యి అనుకున్నవ్. నేను గూడ గట్లనే అనుకున్న బావా. నాకు చెప్పెటోల్లు లేకపాయె. నీకు చెప్పిన్రు.

…

నేనెంత మనిషిని, నా అలక ఎంత. పప్పు బస్తా వాపసు వచ్చిందని ఏండ్లకేండ్లు అలిగినోన్ని. దునియాల ఇంకెవలన్న ఉంటరా. బజార్ల చెప్పుకుంటె ఉమ్మేస్తరు. అసుంటోడు మల్ల అలుగుతడేమోనని నువ్వు కాలివేలు ఇచ్చుకుంట కూసుంటివా. నా మొకానికి గంత ఖరీదు లేదు బావా.

… …

లేదు, నవ్వులాటకు అంటలేను. భయమైతాంది నాకు. ఆ వేలు పోతె నేను అక్క ముందట ఎట్ల నిలబడాలె, నీ దుకాణం ముందట్నుంచి ఎట్ల నడవాలె.

…

నువ్వు నన్ను ఓదారుస్తాన్నవా. బెడ్డు మీదున్నది నువ్వు.

…

ఏడుస్తాన్న, అవ్. దుకాణంలనే. విజయ చూస్తాంది, గిరాకి గూడ చూస్తాంది. చూడనియ్యి.

… …

ఇగ ఇను. ఇంజక్షన్ అయ్యేదాక గమ్మునుండు. అక్క ఏం పెట్టినా, నేను ఏం ఇచ్చినా, నోట్లె ఏసుకునే ముందట సిస్టరమ్మను అడుగు. అక్కకు గూడ నేనే చెప్త, పాల గిలాస జర పక్కకు పెట్టమని. నా మాట ఇనకు… ఆ, గిది గూడ నా మాటనే. ఈ ఒక్కటి ఇను.

మల్ల నేను ఏదన్న తప్పు చేస్తె నా మొకం మీదనే చెప్పు. అలుగుత. నా గురించి నాకు తెల్వదా, పక్కా అలుగుత. అలగనియ్యి… అక్క ఏడ్చినా ఏడ్వనియ్యి. నీ రొండు కాల్లు మంచిగుంటె ఆమె ఏడ్పు ఒక్క పూటకే అయిపోతది.

…

నువ్వు గూడ ఏడుస్తె ఎట్ల బావా. నీకు బీపీ గూడ ఉన్నది… ఉప్పు? లేదు లేదు, నీకు ఇయ్యలేదు ఆ ఉప్పు.

…

సిస్టరమ్మ వచ్చిందా… సూది తెచ్చిందా. పో, చెయ్యి సాపు. ఆమెకు మంచిగ నమస్తే పెట్టు, పొట్లం ఇప్పింది ఆమెనే.

నేనా? వస్తాన్న. ముందు మొగిలయ్య దగ్గరికి పోయి, అట్నుంచటే వస్త. ఏమన్న తేవాల్నా, అక్కనడుగు.

…

పండ్లు?… వద్దా. బిస్కెట్లు గూడ… వద్దా.

…

నీకే వద్దా, అక్క గూడ వద్దంటాందా?… నువ్వే అంటాన్నవా. సీదా నా మొకం మీదనే అంటాన్నవ్.

…

లేదు బావా. అలగలే.

…

నిజంగ అలగలే. ఆ… పెడుతాన్న, నువ్వు చెయ్యి సాపు.

విజయా, సంచి వద్దు. ఉత్తచేతులతోటే పోతాన్న.